ఏసీ వేస్తే స్క్రీన్ ఆరిపోతోంది, మ్యాపులో బాణం దారి తప్పుతోంది: స్టీరియో మార్చాలా, వైరింగ్ చూడాలా?

ఉప్పల్ హ్యాచ్‌బ్యాక్:

నమస్తే అన్నలూ. కారు 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో బయట షాపులో పెట్టించింది. సీటు కింద 4 ఛానళ్ల ఆంప్లిఫయర్, వెనక రివర్స్ కెమెరా ఉన్నాయి. బ్యాటరీ 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్), కొత్తది వేసి 8 నెలలైంది. సమస్యలు నాలుగు.

ఒకటి: రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ రెండూ వేసి సౌండ్ సగం దాటిస్తే స్క్రీన్ నల్లబడి, కంపెనీ బొమ్మతో మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. అరనిమిషం పడుతుంది. పగలు అంతగా రాదు. గతుకుల్లో కూడా ఒక్కోసారి ఇంతే.

రెండు: ఎక్సలేటర్ తొక్కితే స్పీకర్లలో సన్నటి ఈల. ఇంజిన్ వేగంతో పాటు దాని శ్రుతీ పెరుగుతుంది.

మూడు: బండి తీశాక నావిగేషన్‌కి లొకేషన్ దొరకాలంటే 5 నిమిషాల పైనే. ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద పోతుంటే బాణం సర్వీస్ రోడ్డు మీద ఉంటుంది, లేదా ఒకచోట ఆగిపోయి కిలోమీటరు తర్వాత దూకుతుంది.

నాలుగు: మూడు రోజులు బండి తీయకపోతే నాలుగో రోజు సెల్ఫ్ తీసుకోదు.

నేను చూసినవి: ఫ్యూజులు బాగున్నాయి. స్టీరియో వెనక పసుపు వైరుకి (నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది) మీటర్ పెడితే 12.4 వోల్టులు, తాళం తిప్పితే ఎర్ర వైరుకీ 12.4. కరెంటు వస్తోంది కాబట్టి స్టీరియోనే పోయింది, మార్చాలి అని షాపులో అంటున్నారు. డబ్బు పెట్టే ముందు అడుగుతున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?


పన్నెండు వోల్టులు:

స్టీరియో ఇప్పుడే మార్చకండి. మీరు రాసిన మొదటి రెండు లక్షణాలకీ ఒకే కారణం ఉండే అవకాశం ఎక్కువ, అది స్టీరియో బయట ఉంది.

ముందు ఆ 12.4 సంగతి. డిజిటల్ మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓమ్స్. అంటే అది వైరు నుంచి దాదాపు ఏమీ లాగదు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12.4 అనే చూపిస్తుంది. అదే వైరు మీద 8, 10 ఆంప్స్ లాగితే అప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది. జాయింటు దగ్గర 0.3 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. బాస్ కొట్టినప్పుడు స్టీరియో 10 ఆంప్స్ లాగితే ఆ జాయింటులోనే 3 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 13.5 ఉన్నా స్టీరియోకి అందేది 10.5. 11 వోల్టుల కిందకి పడితే చాలా యూనిట్లు నమ్మకంగా నడవవు. హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడు ఐడిల్‌లో బ్యాటరీ వోల్టేజి కూడా కాస్త దిగుతుంది, ఆ రెండూ కలిసి రీస్టార్ట్ అవుతుంది. పగలు తక్కువ, రాత్రి ఎక్కువ అన్న మీ మాట దీనికి సరిగ్గా సరిపోతోంది.

ఇంకో గుర్తు మీరే ఇచ్చారు: కంపెనీ బొమ్మతో మొదటి నుంచి ఆన్ అవడం. ఎర్ర వైరు మాత్రమే ఒక క్షణం పోతే ఆండ్రాయిడ్ యూనిట్ చాలావరకు నిద్రలోకి వెళ్లి, వైరు తిరిగి కలవగానే ఒకటి రెండు సెకన్లలో పాత స్క్రీన్‌తోనే లేస్తుంది. అరనిమిషం బూట్ అవుతోందంటే పసుపు అయినా, ఎర్త్ వైరు నలుపు అయినా పూర్తిగా చేయి ఇస్తోందన్నమాట. ఎర్రదాని మీద సమయం పెట్టకండి.

ఇప్పుడు చేయాల్సింది లోడ్ మీద వోల్టేజి డ్రాప్ కొలవడం. కప్లర్ (వైర్లన్నీ చేరే ప్లగ్గు) ఊడదీయకుండా, వెనక నుంచి వైరు పక్కన సన్నటి సూది గుచ్చి కొలవాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, స్టీరియోలో మీరు మామూలుగా వినే సౌండ్ పెట్టండి. మీటర్ డీసీ వోల్టుల్లో ఉండాలి.

మీటర్ ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబ్ స్టీరియో పసుపు వైరు మీద. ఇక్కడ కనిపించే అంకె మొత్తం దారిలో పోతున్న వోల్టేజి. 0.3 లోపు ఉంటే పాస్.

తర్వాత నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్ స్టీరియో ఇనుప బాడీ మీద. ఇక్కడ 0.1 లోపు రావాలి. అర వోల్టు దాటితే ఎర్త్ పోయినట్టే, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు దాకా ప్రోబ్ చేరదు కాబట్టి 3 మీటర్ల వైరుకి రెండు వైపులా క్రొకోడైల్ క్లిప్పులు పెట్టుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

స్టీరియో లేకుండా పరీక్షించాలంటే 21 వాట్ల ఇండికేటర్ బల్బు చాలు. కప్లర్ తీసి పసుపు, నలుపు మధ్య బల్బు వెలిగించండి. అది సుమారు 1.75 ఆంప్స్ లాగుతుంది. బల్బు ఎర్రగా మసకగా వెలిగితే, లేదా మీటర్ మీద 12.4 కాస్తా 11కి దిగితే వైరింగ్‌లోనే లోపం. తర్వాత నలుపు తీసి బల్బు రెండో కాలును కారు బాడీకి నేరుగా పెట్టండి. అప్పుడు ధగధగా వెలిగితే దోషం నలుపుది, అప్పుడూ మసకే అయితే పసుపుది.

ఇంకో ముఖ్యమైన సంగతి. నలుపు వైరు పూర్తిగా తెగినా స్టీరియో ఆన్ అవుతుంది! రేడియో యాంటెన్నా బయటి తొడుగు కారు బాడీకి కలిసి ఉంటుంది. ఆంప్లిఫయర్‌కి వెళ్లే ఆర్‌సీఏ వైర్ల తొడుగు ఆంప్లిఫయర్ ఎర్త్‌కి దారి ఇస్తుంది. రివర్స్ కెమెరా వైరు కూడా అంతే. స్టీరియో కరెంటు ఆ సన్నటి తొడుగుల గుండా తిరిగి వెళ్తుంది. అందుకే "పనిచేస్తోంది కదా, ఎర్త్ బాగానే ఉంది" అనుకుంటారు. పరీక్ష తేలిక: ఇంజిన్ ఆపి, తాళం తీసి, పసుపు వైరు ఫ్యూజు లాగి, ఆర్‌సీఏలు, రేడియో యాంటెన్నా, కెమెరా వైరు, జీపీఎస్ యాంటెన్నా, ఛార్జర్‌కి కలిసిన యూఎస్‌బీ ఉంటే అదీ, అన్నీ తీసేయండి. బాడీ ఇనుప బ్రాకెట్‌కి తగలకుండా స్టీరియోని ఒక గుడ్డ మీద పెట్టండి. తర్వాత ఫ్యూజు పెట్టి తాళం ఏసీసీకి (ఇంజిన్ లేకుండా స్టీరియో వచ్చే స్థానానికి) తిప్పండి, స్క్రీన్ వెలగకపోతే నలుపు వైరు అలంకారానికి ఉన్నట్టే.

డ్యాష్ ఊడదీసే ముందు రెండు జాగ్రత్తలు. పసుపు రంగు తొడుగు ఉన్న కప్లర్లు ఎయిర్‌బ్యాగువి. వాటికి మీటర్ పెట్టొద్దు, బల్బు అసలే వద్దు. వాటి దగ్గర పని పడితే బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగి చేయాలి. రెండోది, కంపెనీ స్టీరియో ఉన్న కార్లలో బ్యాటరీ తీస్తే కొన్ని సెక్యూరిటీ కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ కార్డు చేతిలో పెట్టుకునే బ్యాటరీ తీయండి.


నాచారం సౌండ్:

ఈల గురించి, పై మాటకి కొనసాగింపుగా.

మొదట సౌండ్ సున్నా చేసి రేజ్ చేయండి. సున్నాలోనూ ఈల అదే స్థాయిలో ఉంటే అది వాల్యూమ్ తర్వాతి దశలో, అంటే ఆర్‌సీఏ వైర్లలోనో ఆంప్లిఫయర్‌లోనో చేరుతోంది. సౌండ్‌తో పాటు ఈల కూడా పెరిగితే అంతకు ముందే చేరుతోంది, అప్పుడు ఛార్జరుకి పెట్టిన ఫోన్ ఆక్స్ వైరు లాంటివి అనుమానించాలి.

సున్నాలో కూడా ఉందనుకుందాం. ఇంజిన్ ఆపి ఆంప్లిఫయర్ వైపు ఆర్‌సీఏలు తీసి మళ్లీ స్టార్ట్ చేయండి. ఈల పోతే ఆంప్లిఫయర్ బాగుంది, దాని పవర్ వైర్లూ బాగున్నాయి. పోకపోతే ఆంప్లిఫయర్ ఎర్త్ చూడాలి: సీటు బోల్టు కింద పెట్టారా, పెయింట్ గీకారా, కార్పెట్ కింద తుప్పు ఉందా. ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు దాని ప్లస్ వైరంత లావు ఉండాలి, అర మీటరు లోపు ఉండాలి.

ఆర్‌సీఏ తీస్తే ఈల పోయిన పక్షంలో మీ కేసు ఎర్త్ లూప్. స్టీరియో ఎర్త్ సరిగా లేక కరెంటు ఆర్‌సీఏ తొడుగు గుండా పోతుంటే ఆ తొడుగు మీద, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ అలలన్నీ కూర్చుంటాయి. ఆంప్లిఫయర్ దాన్ని కూడా సంగీతం అనుకుని పెంచుతుంది. అందుకే రీస్టార్ట్, ఈల రెండూ ఒకే తల్లి పిల్లలు కావచ్చు.

ఇక్కడ ఒక చెడ్డ పర్యవసానం ఉంది. ఆర్‌సీఏ సాకెట్ ఎర్త్, స్టీరియో బోర్డు మీద సన్నటి రాగి గీత గుండానో చిన్న ఫ్యూజు గుండానో బాడీకి చేరుతుంది. స్టీరియో మొత్తం కరెంటు ఆ దారిలో పోతే అది కాలిపోతుంది. కరెంటు ఉండగా ఆర్‌సీఏ పీకి పెట్టినా అదే జరుగుతుంది, కాబట్టి తీసేటప్పుడు తాళం తీసి, పసుపు వైరు ఫ్యూజు కూడా లాగండి. కాలిందో లేదో తెలుసుకోవాలంటే అన్ని వైర్లూ తీసిన స్టీరియో మీద ఆర్‌సీఏ బయటి రింగుకీ ఇనుప బాడీకీ మధ్య ఓమ్స్ కొలవండి. దాదాపు సున్నా రావాలి. కిలో ఓమ్స్‌లోనో ఓపెన్‌గానో వస్తే కాలింది. అప్పుడు ఎర్త్ బాగుచేసినా ఈల పోదు, జనం "ఎర్త్ కూడా చూశాం" అని మళ్లీ మొదటికి వస్తారు.

ఆల్టర్నేటర్ డయోడ్ పోయినా ఈల వస్తుంది. మీటర్ ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల్లో పెట్టి, లైట్లు వేసి 2000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటితే ఆల్టర్నేటర్ విప్పాలి. దాటకపోతే దాని జోలికి వెళ్లకండి.

దయచేసి నాయిస్ ఫిల్టర్ కొనకండి. పసుపు వైరులో పెట్టే ఆ డబ్బా ఎర్త్ లూప్‌ని ఆపలేదు, అదనంగా ఇంకో రెండు జాయింట్లు పెడుతుంది.


సైనిక్‌పురి మ్యాప్:

నావిగేషన్ విషయంలో ఏది లోపం, ఏది కాదు అన్నది ముందు విడదీయాలి. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డూ సర్వీస్ రోడ్డూ పక్కపక్కనే నడుస్తాయి. ఆకాశం తెరుచుకుని ఉన్నా మామూలు జీపీఎస్‌కి కొన్ని మీటర్ల తేడా సహజం. మిగతాది మ్యాపు ఊహ. ఒక మలుపు దగ్గర సర్వీస్ రోడ్డుకి అతుక్కుంటే చాలాసేపు దాన్నే పట్టుకుంటుంది. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉన్నామా, కింద ఉన్నామా అన్నదీ అంతే, పైనా కిందా ఒకే అక్షాంశ రేఖాంశాలు. హైటెక్ సిటీ అద్దాల భవనాల మధ్య సిగ్నల్ గోడల మీద పడి తిరిగి వచ్చి బాణాన్ని పక్కకి నెడుతుంది. ఇవేవీ మీ వైరింగ్ తప్పు కాదు.

కానీ 5 నిమిషాలు లొకేషన్ దొరక్కపోవడం, ఖాళీ రోడ్డు మీద ఆగిపోవడం మాత్రం కచ్చితంగా లోపమే. ఆకాశం స్పష్టంగా ఉంటే పాత వివరాలేవీ లేకుండా మొదలైన జీపీఎస్‌కి కూడా ఉపగ్రహాల కక్ష్య వివరాలు అందుకోవడానికి దాదాపు అరనిమిషం, నిమిషం చాలు. 

నెక్లెస్ రోడ్డులాంటి బాహాటంగా ఉన్నచోట ఆపి, ఉపగ్రహాల సిగ్నల్ చూపించే యాప్ ఒకటి స్టీరియోలో వేసుకోండి. ప్రతి ఉపగ్రహం పక్కన డెసిబెల్ హెర్ట్జ్‌లో అంకె ఉంటుంది. మంచి యాంటెన్నాకి అందులో అయిదారైనా 35 నుంచి 45 మధ్య కనిపించాలి. అన్నీ 25 దగ్గరే తచ్చాడుతుంటే యాంటెన్నాకి ఆకాశం కనిపించడం లేదు, లేదా పక్కన ఏదో రొద పెడుతోంది.

ఆ యాప్ తెరిచి ఉంచే సిగరెట్ లైటర్ ఛార్జర్ పీకండి. తర్వాత డ్యాష్ కెమెరా వైరు పీకండి. చవక ఛార్జర్లలో స్విచింగ్ సర్క్యూట్ వెదజల్లే రొద జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. పీకిన అరనిమిషంలో అంకెలు అయిదారు పెరిగితే దొంగ దొరికినట్టే.

తర్వాత యాంటెన్నా. షాపుల్లో తొందరగా పని ముగించడానికి దాన్ని స్టీరియో వెనక వదిలేస్తారు. డ్యాష్‌బోర్డు లోపల అడ్డంగా ఇనుప బీము, ఏసీ గొట్టాలు, పైన స్టీరియో ఇనుప డబ్బా ఉంటాయి. వాటి కింద యాంటెన్నా బావిలో ఉన్నట్టే. లోపల చతురస్రపు సిరామిక్ బిళ్ల ఉంటుంది, అది ఆకాశం వైపు చూడాలి, అయస్కాంతం వైపు కిందకి ఉండాలి. అద్దం దగ్గరగా డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద పెడితే ప్లాస్టిక్ అడ్డం కాదు. అద్దానికి మెటల్ కలిసిన ఫిల్మ్ ఉంటే అది అడ్డమే.

యాంటెన్నాకి కరెంటు స్టీరియో నుంచే వెళ్తుంది. బంగారు రంగు మరతో ఉన్న ఆ కనెక్టర్ విప్పి, స్టీరియో వైపు మధ్య సూదికీ బయటి రింగుకీ మధ్య కొలిస్తే 3 నుంచి 5 వోల్టులు రావాలి. వస్తే, యాంటెన్నా బిగించి మళ్లీ కొలవలేం కాబట్టి తెలిసిన మంచి యాంటెన్నా పెట్టి చూడటమే దారి. సున్నా వస్తే బోర్డు మీదే పోయింది. వైరుని ఎక్కడా ఇరికించి నలపకండి, మధ్య తీగ తొడుగుకి తగిలితే ఆ సరఫరా షార్ట్ అవుతుంది.

కంపెనీ నావిగేషన్ ఉన్నవాళ్లకి ఒక మాట: ఆ యూనిట్లు చాలావరకు చక్రాల వేగం సిగ్నల్ కూడా వాడతాయి. సొరంగంలో, ఫ్లైఓవర్ కింద కూడా బాణం కదిలేది దానివల్లే. మామూలు రోడ్డులో బాగుండి, సిగ్నల్ లేనిచోట మాత్రమే బాణం చచ్చుబడితే యాంటెన్నాని కాదు, ఆ వేగం వైరుని అనుమానించాలి.


రాణిగంజ్ రోజూ:

నాలుగోది, బ్యాటరీ దిగుడు గురించి నేను చెప్త తమ్మీ.

లెక్క ముందు చూడు. బండి మొత్తం పడుకున్నంక 0.05 ఆంపు, అంటే 50 మిల్లీ ఆంప్స్ దాక లాగితే మామూలే. నీ బండి 0.3 లాగుతుందనుకో, రోజుకి 7.2 ఏహెచ్ పోతది. మూడు రోజులకి 21.6. 35 ఏహెచ్ బ్యాటరీల మిగిలేది 13.4. సెల్ఫ్ ఎట్ల తీసుకుంటది? నీ "మూడు రోజుల" మాటకి 0.3 దగ్గర ఉంటదని నా అంచనా.

కొలిచే తీరు: డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే బ్యాటరీ మైనస్ వైరు చుట్టూ వేస్తె చాలు. లేకపోతే మల్టీమీటర్ 10 ఆంపుల రంధ్రంల ఎర్ర వైరు పెట్టి, బ్యాటరీ మైనస్‌కి, తీసిన వైరుకి మధ్యల పెట్టాలె. మీటర్ అట్ల ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకు, డోర్ల అద్దాలు దించకు, మీటర్ ఫ్యూజు పోతది. బానెట్ తెరిచి ఉండాలె కదా, దాని స్విచ్, డోరు లాకులు స్క్రూడ్రైవర్‌తోని మూసినట్టు చెయ్యి. డిక్కీ లైటు చూసుకో. తాళం దూరంగ పెట్టు. ఇంక అరగంట ముట్టకు. బండిల కంప్యూటర్లు ఒకటొకటి పడుకుంటయి, అంకె మెల్లమెల్లగ దిగుతది. తొందరపడి రెండు నిమిషాలకే "2 ఆంప్స్ లాగుతుంది" అని బెదరకు.

ఎక్కడ పోతుందో తెలుసుకునుటానికి ఫ్యూజులు పీకుడు మొదలుపెట్టకు. పీకి పెడితే పడుకున్న కంప్యూటర్ మళ్ల లేస్తది, లెక్క చెడిపోతది. ఫ్యూజు నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటయి. మీటర్ మిల్లీ వోల్టులల్ల పెట్టి ఆ రెండిటి మధ్య చూడు. 0.0 ఉంటె ఆ దారిల ఏం పోతలేదు. 1, 2 మిల్లీ వోల్టులు చూపిస్తె అక్కడ కరెంటు పారుతుంది. అది దొరికినంక ఆ ఒక్క ఫ్యూజు పీకి అంకె దిగిందా చూడు.

బయట పెట్టించిన స్టీరియోలల్ల నాలుగు చోట్ల చూడాలె. తాళం తీసినంక, ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసే నీలం తెలుపు వైరు మీద సున్నా ఉండాలె, లేకపోతే ఆంప్లిఫయర్ రాత్రంత మేల్కొనే ఉంటది. ఎర్ర వైరు మీద కూడ సున్నా ఉండాలె, సగం వోల్టేజి ఉన్నా తప్పే. రివర్స్ కెమెరా ప్లస్ రివర్స్ లైటుకి కాకుండ పసుపుకి కలిపిన్రా చూడు. నాలుగోది స్టీరియో సెట్టింగుల నిద్ర సమయం. తొందరగ ఆన్ కావాలని గంటలకి గంటలు, కొన్నిట్ల ఎప్పటికీ ఆఫ్ కాకుండ పెడతరు.


మలక్‌పేట వాన:

మధ్యలో ఒక ప్రశ్న, క్షమించాలి. మాది కంపెనీ స్టీరియోనే, బయటి పని ఏమీ లేదు. వానలు మొదలైన దగ్గర్నుంచి డ్రైవర్ డోరు స్పీకర్ ఆగి ఆగి వస్తోంది. ఒక్కోసారి డోరు గట్టిగా వేస్తే నాలుగు స్పీకర్లూ ఒకేసారి పోతాయి, బండి ఆపి తీస్తే మళ్లీ వస్తాయి. స్క్రీన్ మాత్రం బాగానే ఉంటుంది.


పన్నెండు వోల్టులు:

మీది డోరుకీ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టంలో తెగిన వైరు అని నా బలమైన అనుమానం. స్టీరియో స్పీకర్ వైర్లలో మైనస్ అంటే ఎర్త్ కాదు. రెండు వైర్ల మీదా సరఫరాలో సగం, సుమారు 6 వోల్టులు ఉంటుంది. వాటిలో ఏ ఒక్కటి డోరు లోహానికి తగిలినా లోపలి ఆంప్లిఫయర్ తనని తాను కాపాడుకోవడానికి నాలుగు ఛానళ్లూ కట్టేస్తుంది. మీ "నాలుగూ ఒకేసారి" అదే.

స్టీరియో వెనక స్పీకర్ కప్లర్ తీసి, ఆ డోరు జత మధ్య ఓమ్స్ కొలవండి. 4 ఓమ్స్ స్పీకర్‌కి 3.2 నుంచి 3.8 మధ్య వస్తుంది. కొన్ని కంపెనీ స్పీకర్లు 2 ఓమ్స్, వాటికి ఇంకా తక్కువ. మీటర్ అలాగే ఉంచి డోరు నెమ్మదిగా తెరిచి మూయండి. అంకె ఒక్కసారి ఎగిరి ఓపెన్ అయిన కోణంలో రబ్బరు గొట్టం వంగుతున్న చోటు చూడండి, తెగిన వైరు అక్కడే ఉంటుంది. తర్వాత ఒక్కో వైరుకీ బాడీకీ మధ్య కొలవండి. ఎప్పుడూ ఓపెన్‌గానే ఉండాలి. గొట్టంలో జాయింటు వేయకండి, వంగేచోట మళ్లీ తెగుతుంది. గొట్టం దాటి రెండు వైపులా ఒక జానెడు కొత్త వైరు వేసి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవు వేయండి. వట్టి ఇన్సులేషన్ టేపు మే నెల ఎండకి జిగురు కారి జారిపోతుంది.

వానతో మొదలైందన్నారు కాబట్టి డోరు ప్యాడ్ తీసినప్పుడే లోపలి ప్లాస్టిక్ షీట్ చిరిగిందా, డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయా చూడండి. స్పీకర్ కప్లర్‌లో పచ్చటి తుప్పు ఉంటే పిన్నులు మార్చడమే, గీకితే నెలకే తిరిగి వస్తుంది.


సైనిక్‌పురి మ్యాప్:

వాన మాట వచ్చింది కాబట్టి పెద్ద యూరప్ కార్లున్నవాళ్లకి ఒక్క ముక్క. వాటిలో చాలావాటికి ఆడియో ముక్కలన్నీ ఫైబర్ కేబుల్‌తో ఒక వలయంగా కలిసి ఉంటాయి. డిక్కీ అడుగున ఆంప్లిఫయర్‌లోకి నీళ్లు చేరి అది ఒక్కటి చచ్చినా వలయం తెగి పాట, నావిగేషన్ అన్నీ పోతాయి. ముందున్న స్క్రీన్ మార్చడం దండగ. వలయంలో ఒక్కో ముక్కనీ బైపాస్ ప్లగ్గుతో దాటించి చూస్తే ఏది చచ్చిందో తెలుస్తుంది. ఆ ఫైబర్‌ని 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా గట్టిగా వంచకూడదు.


ఉప్పల్ హ్యాచ్‌బ్యాక్:

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టు కొలిచాను.

లోడ్ మీద బ్యాటరీ దగ్గర 13.6. పసుపు దారిలో డ్రాప్ 0.24. బ్యాటరీ మైనస్ నుంచి స్టీరియో బాడీకి 1.8 వోల్టులు! ఆర్‌సీఏలు, కెమెరా, యాంటెన్నాలు తీసి చూస్తే స్క్రీన్ వెలగలేదు, రేడియో యాంటెన్నా ఒక్కటి పెడితే మళ్లీ వెలిగింది. నలుపు వైరు వెంట వెళ్తే హీటర్ డబ్బా పక్కన పెయింట్ వేసిన పట్టీకి స్క్రూతో బిగించి ఉంది. ఆ పట్టీ రెండో చివర ప్లాస్టిక్‌కే ఉంది.

సౌండ్ సున్నాలో కూడా ఈల ఉంది. బ్యాటరీ మీద ఏసీ వోల్టేజి 0.03. ఆర్‌సీఏ రింగుకీ స్టీరియో బాడీకీ మధ్య 0.4 ఓమ్.

జీపీఎస్ సూది మీద 4.8 వోల్టులు. యాంటెన్నా ఇనుప బీము కింద తలకిందులుగా కట్టి ఉంది. అంకెలు 22 నుంచి 27, ఛార్జర్ పీకితే 30 దాకా పోయాయి.

అరగంట తర్వాత డ్రెయిన్ 0.32. స్టీరియో పసుపు ఫ్యూజు పీకితే 0.03. తాళం తీశాక ఎర్ర వైరు, నీలం తెలుపు రెండూ సున్నా.


పన్నెండు వోల్టులు:

ఆ 1.8 వోల్టులే మీ రీస్టార్టులు. 0.4 ఓమ్ కూడా మంచి వార్త, బోర్డు మీది గీత ఇంకా కాలలేదు. మీటర్ వైర్లకే ఆ మాత్రం ఉంటుంది.

కొత్త ఎర్త్ ఇలా వేయండి. బ్యాటరీ మైనస్ తీయండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి వైరు, దూరం మీటరు దాటితే 2.5. ఒక చివర 6 మిల్లీమీటర్ల రింగు లగ్గు క్రింప్ చేసి స్లీవు వేయండి. డ్యాష్‌బోర్డు లోపలి అడ్డ బీముని బాడీకి పట్టే బోల్టులు వద్దు. కాలు పెట్టే చోటు పక్కన, కంపెనీవాళ్లే ఇతర ఎర్త్ వైర్లు బిగించిన బోల్టు ఒకటి ఉంటుంది, దాన్నే వాడండి. ఎయిర్‌బ్యాగు ఎర్త్ ఉన్న బోల్టు అయితే ఇంకోటి వెతకండి. లగ్గు కూర్చునే చోట సాండ్ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, నక్షత్రం వాషర్ వేసి బిగించి, పైన వాజిలీన్ పూయండి. స్టీరియో వైపు పాత నలుపుకి సోల్డర్ చేసి స్లీవు వేయండి. కెమెరా, కాన్ బాక్స్ (కారు కంప్యూటర్ సిగ్నళ్లు స్టీరియోకి అందించే చిన్న డబ్బా) నల్ల వైర్లు ఆ పాత పట్టీకే ఉంటే వాటినీ ఇక్కడికే తేండి.

బ్యాటరీ కలిపాక ఆర్‌సీఏలు, యాంటెన్నాలు పెట్టకముందే స్టీరియో ఆన్ చేయండి. ఆరకుండా నిలబడాలి. తర్వాత అన్నీ పెట్టి, అదే లోడ్ మీద అదే రెండు చోట్ల మళ్లీ కొలవండి, పసుపు దారిలో 0.3 లోపు, స్టీరియో బాడీ దగ్గర 0.1 లోపు రావాలి. ఈల అప్పటికీ మిగిలితే ఆంప్లిఫయర్ ఎర్త్ బోల్టు విప్పండి.


సైనిక్‌పురి మ్యాప్:

యాంటెన్నాని అద్దం అంచుకి దగ్గరగా, బిళ్ల పైకి ఉండేలా డబుల్ టేపుతో అతికించండి. వైరు మిగిలితే గట్టి చుట్టగా కట్టకుండా వదులుగా పెట్టండి. ఛార్జర్ మార్చండి. 35 దాటుతుంది.


రాణిగంజ్ రోజూ:

0.32 ల 0.29 స్టీరియో దారిదే. ఎర్రది సున్నా ఉన్నదంటే తాళం తప్పు కాదు తమ్మీ, స్టీరియో నిద్రలనే తింటుంది. సెట్టింగులల్ల నిద్ర సమయం వెంటనే ఆఫ్ అని పెట్టు. పొద్దున్నే ఆన్ కానీకి అరనిమిషం పడతది, గంతే. పెట్టినంక మళ్ల అరగంట ఆగి కొలువు. 0.05 లోపు రాకపోతే కాన్ బాక్స్ కప్లర్ తీసి కొలువు, అప్పటికీ రాకపోతే కెమెరా వైరు తీసి కొలువు. ఒకటి తీసినప్పుడల్ల మళ్ల అరగంట ఆగాలె. బ్యాటరీ మూడు నాలుగు సార్లు పూర్తిగ దిగింది కాబట్టి ఛార్జర్ మీద ఒక రాత్రంత పెట్టు. తీసినంక ఒక రాత్రి ఊరకే ఉంచి పొద్దున చూస్తె 12.6 దగ్గర ఉండాలె. 12.3కి దిగితే బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేపియ్యి.